మాటల ముచ్చట్లు: వక్త, వాగ్మి, ఉపన్యాసకుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ‘వక్త’ అనే మాట చుట్టూనే తిరిగాయి. సభల కాలం కదా! ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, పొడుగు ఉత్తరాలను కాస్త కుదించి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: గ్రంథాలయ వారోత్సవాల ఆహ్వాన పత్రికలో ముగ్గురి పేర్ల మీద ‘వక్తలు’ అని వేయించాం. వారిలో ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. "నేను ప్రొఫెసర్‌గా రిటైరైనవాణ్ణి. ఉపన్యాసకుడు అని వేయాలి గానీ వక్త ఏమిటి? మైకు దొరికిన ప్రతివాడూ వక్తే" అన్నారు. ఆయన మాట నిజమేనా?
(గ్రంథాలయ కమిటీ కార్యదర్శి, తెనాలి)

జవాబు: ఆయన అన్నదాంట్లో రెండో సగం నిజం. మొదటి సగం అలక.

‘వచ్’ ధాతువుకు చెప్పడం, పలకడం అని అర్థం. దానికి ‘చేసేవాడు’ అనే అర్థమిచ్చే తృచ్ ప్రత్యయం చేరితే ‘వక్తృ’ అవుతుంది. సంస్కృతంలో ప్రథమా విభక్తి ఏకవచనంలో అది ‘వక్తా’. మనం చివరి దీర్ఘం కుదించి ‘వక్త’ చేసుకున్నాం. చేసేవాడు కర్త, ఇచ్చేవాడు దాత, వినేవాడు శ్రోత, చెప్పేవాడు వక్త. అంతే. ఈ మాటలో పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. బాగా చెప్పాడా, నస పెట్టాడా అన్నది దానికి పట్టదు. అందుకే మెచ్చుకోవాలంటే ముందు ఇంకో మాట తగిలిస్తాం: మంచి వక్త, గొప్ప వక్త, మహావక్త. అమరకోశం కూడా ‘వదో వదావదో వక్తా’ అని వక్తను మామూలుగా మాట్లాడేవాడికి పర్యాయపదంగానే చెప్పింది. కాబట్టి మైకు దొరికిన ప్రతివాడూ వక్తే. ఆ మాటకొస్తే మైకు లేకపోయినా వక్తే. వ్యాకరణంలో, అలంకార శాస్త్రంలో ఒక వాక్యం ఎవరి నోట వచ్చిందో వాళ్ళంతా వక్తలే. సభకూ దానికీ ముడి మనం వేసింది.

ఇక ఉపన్యాసం. ఉప, ని అనే ఉపసర్గలు ముందున్న ‘ఆస’ అది. దగ్గరగా తెచ్చి పెట్టడం, ఎదుట ఉంచడం అని మూలార్థం. ఒక విషయం తీసుకుని, దాన్ని వరసగా పేర్చి వినేవాళ్ళ ముందుంచేది ఉపన్యాసం. స్మారకోపన్యాసం, కీలకోపన్యాసం అని గంభీరమైన చోట్ల ఈ మాటే వాడడానికి కారణం అదే. కాలేజీలో పాఠం చెప్పేవారిని ఉపన్యాసకుడు అనడమూ అందుకే. అంటే అది ఒక ఉద్యోగం పేరు కూడా. వక్త అనేది ఉద్యోగం కాదు. పేరు పిలవగానే వస్తుంది, శాలువా కప్పగానే పోతుంది.

మీ కార్డు విషయానికొస్తే మీరు వేసింది సరైనదే. ముగ్గురూ ఒకే వేదిక మీద తలా కాసేపు మాట్లాడేటప్పుడు ‘వక్తలు’ అనడమే సహజం. ఒక్కరే గంటసేపు ఒక అంశం మీద మాట్లాడితే ‘ఉపన్యాసం: ఫలానావారు’ అని వేసి, కింద అంశం పేరు ఇవ్వండి. ఒకరు ముఖ్యులు, తక్కినవారు తర్వాత అనుకుంటే ‘ప్రధాన వక్త’ ఉంది. నన్నడిగితే బిరుదులు తగ్గించి, ప్రతి పేరు పక్కనా ఆయన దేని గురించి మాట్లాడతారో వేస్తే మేలు. సభకు వచ్చేవాడికి కావలసింది అదే. మా ఊళ్ళో వచ్చే కార్డుల్లో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, గౌరవ అతిథి అందరూ ఉంటారు. విషయం ఏమిటో మాత్రం ఉండదు.

పెద్దాయన అలక తీర్చాలంటే ఈ పాత శ్లోకం వినిపించండి: ‘శతేషు జాయతే శూరః సహస్రేషు చ పండితః, వక్తా దశసహస్రేషు దాతా భవతి వా న వా’. వందమందిలో ఒక శూరుడు పుడతాడు, వెయ్యిమందిలో ఒక పండితుడు, పదివేలమందిలో ఒక వక్త. దాత మాత్రం పుడితే పుట్టొచ్చు, లేకపోతే లేదు. ఇందులో పండితుడి కంటే వక్తకే పై మెట్టు దక్కింది కాబట్టి ప్రొఫెసర్‌గారు శాంతిస్తారు. చివరి పాదం సంగతి విరాళాల పుస్తకం పట్టుకుని తిరిగే కార్యదర్శిగారికి నేను చెప్పాలా?

ఒక పిడకల వేట. ఇదే ‘ఉపన్యాస్’ హిందీలోనూ బెంగాలీలోనూ నవల. కన్నడంలో మనలాగే ప్రసంగం. నేను ఒక దినపత్రిక డెస్కులో పనిచేసే రోజుల్లో ఏజెన్సీ వార్త అనువాదంలో ‘ఉపన్యాస చక్రవర్తి ప్రేమ్‌చంద్’ అని వచ్చింది. హిందీవాళ్ళు ఆయన్ను ‘ఉపన్యాస్ సమ్రాట్’ అంటారు. తెలుగులో చదివినవాడికి మాత్రం ఆయన జీవితమంతా వేదికలెక్కి తిరిగినట్టు అనిపిస్తుంది. ‘నవలా చక్రవర్తి’ అని దిద్ది కంపోజింగుకు పంపాం.

ప్రశ్న: తాతగారూ, మా స్కూల్లో పోటీ జరిగింది. బోర్డు మీద ‘వకృత్వ పోటీ’ అని, సర్టిఫికెట్ మీద ‘వక్త్రుత్వ పోటీ’ అని రాశారు. ఏది కరెక్ట్?
(తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: రెండూ కాదమ్మా. ‘వక్తృత్వం’. వ, తర్వాత క కింద త ఒత్తు, దానికి ఋత్వం, ఆ తర్వాత త్వం.

ఎందుకో తెలిస్తే ఇక మరిచిపోవు. వక్త అసలు రూపం వక్తృ అని పైన చెప్పాను చూడు. తెలుగులో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఋ దాక్కుంటుంది. ‘త్వం’ వచ్చి చేరితే బయటికొస్తుంది. దాత, దాతృత్వం. నేత, నేతృత్వం. కర్త, కర్తృత్వం. మాత, మాతృత్వం. నీ సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉండే ‘సౌభ్రాతృత్వం’లో కూడా భ్రాత ఉన్నాడు, అంటే సోదరుడు. ఈ వరస ఒకసారి పైకి చదువుకో, చాలు.

మనం ఋని ‘రు’ అని పలుకుతాం కాబట్టి చెవికి ‘వక్త్రుత్వం’ అనే వినబడుతుంది. రాసేటప్పుడు అదే చేతికొస్తుంది. కానీ ‘వక్త్రం’ అని ఇంకో మాట ఉంది. దేనితో పలుకుతామో అది వక్త్రం, అంటే నోరు, ముఖం. అయిదు ముఖాల శివుడు పంచవక్త్రుడు. నీకు సర్టిఫికెట్ ఇచ్చింది ముఖం చూసి కాదు కదా! ఇంతకీ బహుమతి వచ్చిందా లేదా రాయలేదేం?

ప్రశ్న: ఆడవాళ్ళు మాట్లాడితే ‘వక్త’ అనాలా, ‘వక్త్రి’ అనాలా? ఒక కరపత్రంలో ‘వక్తురాలు’ అని కూడా చూశాను.
(ఒక మహిళా సంఘం సభ్యురాలు, వరంగల్లు)

జవాబు: వక్త అనండి. సంస్కృతంలో స్త్రీలింగ రూపం వక్త్రీ ఉన్నమాట నిజమే గానీ తెలుగు దాన్ని తెచ్చుకోలేదు. రచయిత పక్కన రచయిత్రి నిలబడింది. దాత, నేత, శ్రోత, వక్త దగ్గర మనవాళ్ళు ఆ పని చేయలేదు, ఇద్దరికీ ఒకే మాట సరిపెట్టారు. అది మంచిదే అయింది. ‘వక్తురాలు’ మాత్రం వద్దు. ఉపన్యాసకుడికి ఉపన్యాసకురాలు ఉంది కదా అని దీనికీ అతికించారు. ‘మహిళా వక్త’ అని రాయాల్సిన పని కూడా సాధారణంగా ఉండదు. పేరు చూస్తే తెలుస్తుంది, ‘అన్నారు’ అనే గౌరవవాచకం ఎలాగూ ఇద్దరికీ ఒకటే.

ప్రశ్న: మా కార్యాలయంలో ఒకాయన పదవీ విరమణ సభలో పరిచయం చేస్తూ ‘వీరు గొప్ప వాచాలురు’ అన్నారు. సన్మానం అందుకునే ఆయన నవ్వుతూ కూర్చున్నారు. నాకు మాత్రం ఇబ్బందిగా అనిపించింది. నేను అనుకున్న అర్థం తప్పా?
(ప్రభుత్వోద్యోగి, అనంతపురం)

జవాబు: మీ ఇబ్బంది న్యాయమైనదే. ఆయన ‘వాగ్మి’ అనబోయి అలా అని ఉంటారు.

వాక్కు అనే మాటకు ఏ తోక తగిలిస్తే ఏ అర్థమో పాణిని విడివిడిగా సూత్రాలు చేశాడు. ‘వాచో గ్మినిః’ అనే సూత్రంతో వాగ్మి వస్తుంది. చక్కటి వాక్కు గలవాడు అని. ఆ వెంటనే వచ్చే సూత్రం ‘ఆలజాటచౌ బహుభాషిణి’. దీంతో వాచాలుడు, వాచాటుడు వస్తారు. అతిగా మాట్లాడేవాడు అని. అది నిందార్థంలోనే అని వార్తికం, అంటే సూత్రానికి చేర్చిన వివరణ, కూడా ఉంది. అమరకోశం వాచాలుడికి ‘బహుగర్హ్యవాక్’ అని అర్థం చెప్పింది. తిట్టదగిన మాటలు బోలెడు మాట్లాడేవాడు అన్నమాట. మంచి మాటకూ చెడ్డ మాటకూ మధ్య దూరం ఒక్క సూత్రం! దండ వేస్తూ అనాల్సిన మాట కాదు.

తెలుగులో కూడా ఈ తేడాలు ఘాటుగానే ఉన్నాయి. వాగుడుకాయ అంటే చనువు, కాస్త ముద్దు కూడా. పిల్లల్ని అంటాం. వదరుబోతు అంటే తిట్టే. మాటకారి అంటే మెచ్చుకోలే గానీ లోపల ఒక చిన్న హెచ్చరిక ఉంటుంది: ఇతన్ని నమ్మేముందు చూసుకో అని. ‘ఆయన మాటకారి’ అని సంబంధాలు చూసే పెద్దలు అన్నప్పుడు ఆ గొంతు గమనించండి.

ఇదే పద్ధతిలో ‘అధికప్రసంగి’ని కూడా తరచు పొరపాటుగా వాడుతున్నారు. ఎక్కువసేపు ప్రసంగించేవాడు అధికప్రసంగి కాడు. తనకు పని లేని చోట, తన హద్దు దాటి మాట్లాడేవాడు అధికప్రసంగి. ఒక్క ముక్కతో కూడా ఆ పేరు తెచ్చుకోవచ్చు. ప్రసంగం అంటే మొదట సందర్భం, ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడం అని అర్థం. ‘ప్రసంగవశాత్తు చెబుతున్నాను’ అనేటప్పుడు ఆ పాత అర్థమే వాడుతున్నాం. తర్వాత అదే సభలో చేసే ప్రసంగం అయింది.

ప్రశ్న: హిందీ నుంచి వార్తలు అనువదిస్తుంటాను. ‘పార్టీ కే ప్రవక్తా’ అన్నచోట ఇంకొకరు ‘పార్టీ ప్రవక్త’ అని పంపారు. సంస్కృత పదమే కదా, ఉంచేయవచ్చా? అలాగే, వక్త పక్కన నిలబడి అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారిని ఏమనాలి?
(అనువాదకుడు, హైదరాబాదు)

జవాబు: ఉంచకండి. హిందీలో ప్రవక్తా అంటే పార్టీ తరఫునో ప్రభుత్వం తరఫునో మాట్లాడే మనిషి. మనం అతన్ని అధికార ప్రతినిధి అంటాం. తెలుగులో ప్రవక్త అంటే దైవసందేశం చెప్పేవాడు. టీవీ చర్చలో అరుచుకునేవాళ్ళను ప్రవక్తలు అంటే ఏ మతంవారైనా నొచ్చుకుంటారు. హిందీ ‘అధివక్తా’ కూడా ఇలాంటిదే. మనకు న్యాయవాది ఉండగా ఆ మాటెందుకు?

‘ప్రవచనం’ కూడా ఈ ఇంటిదే. పురాణం, భగవద్గీత చెప్పేవారిని ప్రవచనకర్త అంటున్నాం. వెనక పౌరాణికుడు అనేవారు. హరికథ చెబితే భాగవతారు లేదా హరిదాసు. బుర్రకథలో నడుమ ఉండి కథ నడిపేవాడు కథకుడు, అటూ ఇటూ ఉండేవారు వంతలు. జనం ముందు నిలబడి మాట్లాడే ప్రతి పనికీ మనకు వేరే వేరే మాటలున్నాయి. ఆదిభట్ల నారాయణదాసును ‘గొప్ప వక్త’ అని ఎవరైనా రాస్తే అది తప్పు కాకపోయినా, ఆయన కాలికి గజ్జెలు కట్టి ఆడీ పాడీ చెప్పిన కథంతా ఆ మాటలోంచి జారిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. సభలో అప్పటికప్పుడు తిప్పి చెప్పేవారికి అనువాదకుడు సరిపోతుంది. పాత మాట దుబాసీ ఉంది గానీ దానికి కంపెనీ కాలపు వ్యాపార వాసన అంటుకుంది. రెండు భాషలు తెలిసినవాడు, ద్విభాషి, అని దానర్థం. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో తిరిగినప్పుడు రాజమహేంద్రవరం సభలో ఆయన ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ‘భరతఖండంబు చక్కని పాడియావు’ పద్యం ఆ సందర్భంలో ఆశువుగా వచ్చిందే. ఆనాటి వక్త చెప్పిన వాక్యం ఒక్కటి చెప్పమంటే మనలో చెప్పగలిగేవాళ్ళు అరుదు. అనువాదకుడి పద్యం మాత్రం బడిపిల్లలకు కూడా వచ్చు. కాబట్టి మీరు ఆ పదవిని చిన్నచూపు చూడకండి.

ప్రశ్న: పత్రికల్లో ‘అని పలువురు వక్తలు పేర్కొన్నారు’ అని రాస్తుంటారు. ఎవరన్నారో ఎప్పుడూ ఉండదు. ఇది భాషా దోషమా?
(రిటైర్డ్ హెడ్మాస్టరు, విజయనగరం)

జవాబు: భాషా దోషం కాదు, బద్ధకం. కొంత అవసరం కూడా.

డెస్కులో పనిచేసినవాణ్ణి కాబట్టి లోగుట్టు చెబుతాను. మండల కేంద్రంలో ఒక జయంతి సభ జరుగుతుంది. ఎనిమిదిమంది మాట్లాడతారు. ఎనిమిదిమందీ ఒకే మాట చెబుతారు: ఆ మహనీయుడి అడుగుజాడల్లో నడవాలి. విలేకరి ఎనిమిది పేర్లూ, ఎనిమిది పేరాలూ పంపిస్తాడు, ఎందుకంటే పేరు రాకపోతే మర్నాడు వాళ్ళంతా అతన్నే పట్టుకుంటారు. పేజీలో జాగా ఎనిమిది లైన్లు. అక్కడ ‘వక్తలు’ అనే మాట సబ్ ఎడిటరుకు దేవుడిచ్చిన వరం. ఒక వాక్యంలో విషయం చెప్పేసి, చివర ‘కార్యక్రమంలో ఫలానా ఫలానావారు పాల్గొన్నారు’ అని పేర్లు పేర్చేస్తాం. పొగడ్తలకు ఆ పద్ధతి బాగానే ఉంటుంది. అందరూ అన్నదే కదా, ఎవరన్నారన్న పట్టింపు ఉండదు.

చిక్కు ఎక్కడంటే, అదే పద్ధతిలో ‘నిధులు పక్కదారి పట్టాయని వక్తలు ఆరోపించారు’ అని రాసినప్పుడు. ఆరోపణకు నోరుండాలి. ఎనిమిదిమందీ ఒకేసారి కోరస్‌గా ఆరోపించి ఉండరు. ఎవరో ఒకరు అని ఉంటారు, మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టి ఉంటారు. ఒక్కోసారి చప్పట్లు కూడా కొట్టి ఉండరు. మా డెస్కులో నేను పట్టుబట్టింది ఒక్కటే: మెచ్చుకోలు అయితే వక్తలు, అంకె, ఆరోపణ, హామీ అయితే మనిషి పేరు. కుర్రవాళ్ళు విసుక్కునేవారు, ఫోన్ చేసి అడగాలి కదా మరి. అడిగితే తేలేది చాలాసార్లు ఒకటే. ఆ మాట అన్నది వక్త కాదు, వేదిక కింద విలేకరి పక్కన కూర్చున్న పెద్దమనిషి!

వీటికి తోడు ‘వక్తలు వక్కాణించారు’ అని ఒకటి. ప్రాస కుదిరింది కదా అని తెగ వాడారు ఒకప్పుడు. చూడడానికి రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి గానీ చుట్టరికం లేదు. వక్కాణం వ్యాఖ్యానానికి తద్భవం. దాని ధాతువు ‘ఖ్యా’, ప్రఖ్యాతిలో ఉండేది. వక్తది వచ్. ‘చెప్పారు’ అంటే పోయేదానికి పేర్కొన్నారు, ఉద్ఘాటించారు, వక్కాణించారు అంటూ ఎందుకంత ఆయాసం అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: అసెంబ్లీ స్పీకర్‌ను ‘సభా వక్త’ అనవచ్చా?
(డిగ్రీ విద్యార్థి, కర్నూలు)

జవాబు: అనకూడదు. సభాపతి అనండి, లేదా అందరూ అన్నట్టు స్పీకర్ అనండి. ఆ కుర్చీలో ఉన్నాయన పని మాట్లాడడం కాదు, మాట్లాడనివ్వడం. ఇంగ్లండులో కామన్స్ సభ తరఫున రాజుగారి దగ్గరికెళ్ళి మాట్లాడేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. మన సభాపతి ఎవరి దగ్గరికీ వెళ్ళి మాట్లాడనక్కర్లేదు.

ప్రశ్న: ‘వివక్ష’ కూడా వక్త కుటుంబంలోదే అని మా తెలుగు లెక్చరర్ చెబితే క్లాసంతా నవ్వాం. నిజమేనా?
(ఎం.ఏ. విద్యార్థిని, తిరుపతి)

జవాబు: నిజమే, మీ లెక్చరర్‌కు నా నమస్కారం చెప్పండి.

సంస్కృతంలో ‘ఆ పని చేయాలనే కోరిక’ అని చెప్పడానికి ధాతువును రెండుసార్లు పలికించి ఒక రూపం చేస్తారు. తాగాలనే కోరిక పిపాస. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస. అలాగే చెప్పాలనే కోరిక వివక్ష. వక్త మనసులో ఏం చెప్పదలచుకున్నాడో అదే అతని వివక్ష. వ్యాకరణ గ్రంథాల్లో ‘ఇక్కడ ఈ భేదం వివక్షితం కాదు’ అని ఉంటుంది. ఆ తేడాను లెక్కలోకి తీసుకుని చెప్పడం వక్త ఉద్దేశం కాదు అని దానర్థం. ‘స్త్రీపురుష వివక్ష లేకుండా’ వంటి వాడుకల్లో, తేడాను లెక్కించడం అనే ముక్క మిగిలి, చెప్పాలనే కోరిక ఊడిపోయి, చివరికి జాతి వివక్ష, కుల వివక్ష దాకా వచ్చిందని నా ఊహ. ఇప్పుడు పాత అర్థంలో వాడితే ఎవరికీ అర్థం కాదు. వాడమని నేను చెప్పను కూడా.

శ్రోతకు కూడా ఇలాంటి మాట ఒకటుంది. వినడం ‘శ్రు’, వినాలనే కోరిక ‘శుశ్రూష’. గురువు చెప్పేది వినాలని కోరేవాడు ఆయన దగ్గరే ఉండి సేవలు చేస్తాడు కాబట్టి ఆ మాటకు సేవ అని అర్థం వచ్చింది. ఆ తర్వాత రోగికి చేసే సేవ అయింది. ఈసారి క్లాసులో దీని గురించి అడగండి, మీ లెక్చరర్ ఇంకో గంట చెబుతారు.